ఏటా పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లొచ్చే అమ్మానాన్నలకు: విజిటర్ వీసాను పదేళ్లూ నిలుపుకోవడం ఎలా

పాస్‌పోర్టులో బీ1/బీ2 వీసా పడి, దాని మీద పదేళ్ల తర్వాతి తేదీ కనపడగానే చాలా ఇళ్లలో ఒకే లెక్క మొదలవుతుంది: ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ. అమ్మాయి పురిటికి ఒకసారి, మనవడి అన్నప్రాశనకు ఒకసారి, కొత్త ఇంటి గృహప్రవేశానికి ఇంకోసారి. హైదరాబాద్‌లో, విజయవాడలో, వరంగల్‌లో ఇలా తిరిగే దంపతులు లేని అపార్ట్‌మెంట్ ఉండదేమో.

ఇలా వెళ్లిరావడంలో తప్పేమీ లేదు. విజిటర్ వీసా ఉన్నదే అయినవాళ్లను చూసి రావడానికి. అయితే ఏడాదికి ఇన్నిసార్లు రావచ్చని గానీ, వచ్చిన ప్రతిసారీ ఆరు నెలలు ఉండనిస్తామని గానీ ఆ వీసా మాట ఇవ్వదు. రానివ్వాలా వద్దా, ఎన్నాళ్లు ఉండనివ్వాలి అన్నది ప్రతిసారీ ఇమిగ్రేషన్ అధికారే తేలుస్తారు. టికెట్ అబ్బాయి కొంటాడు, ఫారాలు కోడలు నింపుతుంది, ఇన్సూరెన్స్ సంగతి అల్లుడు చూస్తాడు. కౌంటర్ ముందు వేలిముద్రలు వేసి, ఫొటో దిగి, జవాబులు చెప్పాల్సింది మాత్రం మీరు. అందుకే ఇది పిల్లలకు రాయకుండా నేరుగా మీకే రాస్తున్నాను. మీ తేదీలు, మీ కారణాలు, మీ కాగితాలు మీకే తెలిసి ఉండాలి. "మా అబ్బాయికి తెలుసు" అనే జవాబు అక్కడ పనికిరాదు.

ముందుగా ఐ-94 చూసుకోవడం నేర్చుకోండి

వీసా మీద ఉన్న తేదీ, మీరు అమెరికాలో ఉండగలిగే చివరి రోజు కాదు. ఆ తేదీ లోపల ఎప్పుడైనా వెళ్లి తలుపు తట్టవచ్చని మాత్రమే దాని అర్థం. ఉండటానికి గడువు చెప్పేది ఐ-94 అనే రికార్డు. ఇది ఇప్పుడు కాగితం మీద ఇవ్వరు. కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్, అంటే సీబీపీ వెబ్‌సైట్‌లో ఐ-94 పేజీకి వెళ్లి, పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు కొడితే కనిపిస్తుంది. మార్చి 10న దిగితే సాధారణంగా సెప్టెంబరు 9 అని ఉంటుంది. దీన్ని 180 రోజులని లెక్కేసుకోకండి. అక్కడ ఏ తేదీ ఉంటే అదే మీ గడువు.

ఇల్లు చేరి, నిద్ర తీరిన మర్నాడే ఈ పని చేయించండి. ఇద్దరిదీ విడివిడిగా చూడాలి. భార్యాభర్తలు కలిసి దిగినా ఒకరికి ఒక తేదీ, ఇంకొకరికి మరో తేదీ పడవచ్చు. ఇలా జరగడానికి తరచుగా కారణం పాస్‌పోర్టే. ఆరు నెలలు నిండకముందే పాస్‌పోర్టు గడువు అయిపోతుంటే, ఐ-94ను కూడా ఆ పాస్‌పోర్టు తేదీ దగ్గరే ఆపేయవచ్చు. అందువల్ల ఏడాది లోపు గడువున్న పాస్‌పోర్టుతో బయలుదేరకండి, ముందే రెన్యువల్ చేయించుకోండి. పాత పాస్‌పోర్టులో ఉన్న వీసా దాని గడువు దాకా చెల్లుతుంది. పాతదీ కొత్తదీ రెండూ చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టవద్దు.

ఐ-94లో పేరో, వీసా రకమో, తేదీయో తప్పు పడితే సీబీపీకి చెందిన డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసులో సరిచేస్తారు. వెళ్లే రోజు దాకా ఆగకుండా మొదటి వారంలోనే అడగండి.

ఐ-94ను ప్రింటు తీసి పర్సులో పెట్టుకోండి. 2025 ఏప్రిల్ 11 నుంచి విదేశీయుల రిజిస్ట్రేషన్ నిబంధనను గట్టిగా అమలు చేస్తున్నారు. ఐ-94 ఉన్నవాళ్లను రిజిస్టర్ అయినవాళ్లుగానే లెక్కేస్తారు గానీ, 18 ఏళ్లు దాటినవాళ్లు ఆ రుజువును వెంట ఉంచుకోవాలి. పార్కుకి నడకకు వెళ్లేటప్పుడు కూడా ఆ కాగితం జేబులో ఉంటే టెన్షన్ ఉండదు.

ఒక తెల్లకాగితం మీద మూడేళ్ల లెక్క రాయండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. టికెట్ కొనకముందే చేయండి. ఒక కాగితం మీద గత మూడేళ్లలో ఎప్పుడు దిగారు, ఎప్పుడు తిరిగి వచ్చారు, అక్కడ ఎన్ని రోజులు, ఇక్కడ ఎన్ని రోజులు అని వరసగా రాయండి. ఈ రాకపోకలన్నీ అధికారి కంప్యూటర్‌లో ఉంటాయి. వెళ్లేటప్పుడు అమెరికాలో స్టాంపు వేయరు కాబట్టి తెలియదనుకునేవాళ్లున్నారు. విమాన సంస్థలు పంపే ప్రయాణికుల వివరాల నుంచి మీరు దేశం విడిచిన తేదీ అక్కడ నమోదవుతుంది.

ఆ కాగితాన్ని ఒక పరాయి మనిషిలా చూడండి. రెండేళ్లలో పదిహేను నెలలు అక్కడే ఉంటే, మీ ఇల్లు ఎక్కడ అనిపిస్తుంది? అధికారికీ అదే అనిపిస్తుంది. అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలో అందరూ 214(బీ) అని పిలిచే సెక్షన్, వీసా అడిగే ప్రతి ఒక్కరినీ అక్కడే స్థిరపడాలనుకునేవాళ్లుగా ముందు అనుకుంటుంది. కాదని చూపించాల్సిన బాధ్యత మనది. మన దగ్గర ఉన్న అతి పెద్ద రుజువు, ఇక్కడ గడిపిన రోజులే. పొలం కాగితాలూ బ్యాంకు బ్యాలెన్సూ దాని తర్వాతే.

రెండు ప్రయాణాల మధ్య ఇంత విరామం ఉండాలని చట్టంలో ఎక్కడా లేదు. "ఏడాదికి 180 రోజులు మించకూడదు" అని వినిపించే మాట కూడా అమెరికా చట్టంలో లేదు. యూరప్‌లో షెంగెన్ దేశాలకు 180 రోజుల్లో 90 రోజులు అనే నియమం ఉంది, దాన్నీ దీన్నీ కలిపేస్తుంటారు. ఆచరణలో అందరూ పాటించే పద్ధతి, అక్కడ ఎన్నాళ్లు ఉన్నామో ఇక్కడ కనీసం అన్నాళ్లు ఉండటం. నన్నడిగితే అది కూడా చాలదు. ఆరు నెలలుండి వస్తే తర్వాతి ప్రయాణం ఏడాది ఆగి పెట్టుకోండి. ఏటా వెళ్లాలనుంటే మూడు నాలుగు నెలలకే వచ్చేయండి. ఆరు నెలల గడువు ఇచ్చారంటే ఆరు నెలలూ వాడుకుని తీరాలని లేదు. గడువుకు ముందే తిరిగి వచ్చిన చరిత్ర మీ పక్షాన మాట్లాడుతుంది.

పురిటి ప్రయాణాలకు మన ఇళ్లలో ఇప్పటికే ఒక మంచి ఏర్పాటు ఉంది. మొదట అమ్మాయి తరఫువాళ్లు, వాళ్లు బయలుదేరే ముందు అబ్బాయి తరఫువాళ్లు. వియ్యంకులు నలుగురూ కూర్చుని ఏడాది క్యాలెండర్ ముందే అనుకుంటే ఎవరి చరిత్రా పాడవదు, ఎవరూ ఎక్స్‌టెన్షన్ అడగాల్సిన అవసరం రాదు. కాన్పు తేదీకి రెండు మూడు వారాల ముందు దిగేలా చూసుకుంటే చాలు. మరీ ముందు వెళ్తే, అసలు సాయం కావాల్సిన రోజులు వచ్చేసరికి మీ గడువు దగ్గర పడుతుంది. వీలైతే చలికాలం కూడా తప్పించండి. చికాగో, డెట్రాయిట్ వైపు జనవరిలో మోకాళ్ల నొప్పులతో ఇంట్లో బందీలైపోయే పెద్దవాళ్లను చూస్తే ఈ ప్రయాణం ఎవరి కోసమా అనిపిస్తుంది.

ఇదే కాగితంతో పన్ను లెక్క

ఇది పిల్లల్లో కూడా చాలామందికి తెలియదు. విజిటర్ వీసా మీద ఉన్నా, ఎక్కువ రోజులుంటే అమెరికా ఆదాయపు పన్ను చట్టం మిమ్మల్ని అక్కడి రెసిడెంట్‌గా లెక్కేయవచ్చు. ఈ ఏడాది అక్కడున్న రోజులు మొత్తం, పోయిన ఏడాది రోజుల్లో మూడో వంతు, అంతకు ముందు ఏడాది రోజుల్లో ఆరో వంతు కలపండి. మొత్తం 183కి చేరి, ఈ ఏడాది కనీసం 31 రోజులున్నట్టయితే రెసిడెంట్ లెక్కలోకి వచ్చేసినట్టే. ఏటా 120 రోజుల చొప్పున మూడేళ్లుంటే 120, 40, 20 కలిపి 180 అవుతుంది, ఇబ్బంది లేదు. ఏటా 150 రోజులైతే 225 అవుతుంది, గీత దాటినట్టే.

దాటితే ఏమవుతుంది? మీ పెన్షన్, ఇంటి అద్దె, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ అన్నీ అక్కడ చూపించాల్సిన పరిస్థితి వస్తుంది. ఇక్కడి బ్యాంకు ఖాతాల వివరాలు కూడా అడుగుతారు. దీనికి మార్గం ఉంది. ఆ క్యాలెండర్ ఏడాదిలో అక్కడున్న రోజులు 183 కంటే తక్కువై, మీ అసలు ఇల్లూ సంబంధాలూ ఇండియాలోనే ఉంటే, ఆ సంగతి చెప్పే ఫారం 8840ను అమెరికా పన్ను శాఖకు పంపాలి. అమెరికాలో జీతం లేనివాళ్లకు సాధారణంగా గడువు మరుసటి ఏడాది జూన్ 15. భార్యాభర్తలు ఎవరిది వాళ్లు విడిగా పంపాలి. మీ అబ్బాయికి పన్ను రిటర్న్ వేసిపెట్టే సీపీఏ (అక్కడి చార్టర్డ్ అకౌంటెంట్ లాంటివారు) ఉంటే ఈ ఒక్క ప్రశ్న ఆయన్ను అడగమనండి.

కౌంటర్ దగ్గర చెప్పే మాట

"ఎందుకు వచ్చారు, ఎన్నాళ్లుంటారు, పోయినసారి ఎప్పుడు వచ్చారు, ఎన్నాళ్లున్నారు, పిల్లలు ఏం చేస్తారు." దాదాపుగా అడిగేవి ఇవే. కాగితం మీద రాసుకున్న లెక్క మీకు నోటికి వచ్చి ఉంటే జవాబు రెండు ముక్కల్లో వస్తుంది. ఇంగ్లీషు రాకపోతే సిగ్గుపడాల్సిన పని లేదు. "తెలుగు" అని చెప్పండి, ఫోన్లో దుబాసీని కలపడం అక్కడ మామూలే. సగం అర్థమై, సగం కాక "యస్, యస్" అనడమే ప్రమాదం. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ కూడా తెలుగులో ఇవ్వవచ్చు.

అబుదాబి మీదుగా వెళ్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబి విమానాశ్రయంలోనే అయిపోతుంది. ప్రశ్నలు అక్కడే వస్తాయి, కాబట్టి ఫైలు చేతిలో పెట్టుకుని ఆ విమానం మారే సమయం కాస్త ఎక్కువ ఉండేలా టికెట్ తీసుకోండి.

ఫైలులో తిరుగు టికెట్, పిల్లల చిరునామా, ఫోన్ నంబర్లు, ఇన్సూరెన్స్ కాగితం, పెన్షన్ ఆర్డరు కాపీ, పోయినసారి బోర్డింగ్ పాసులు ఉంచండి. అడిగితేనే తీయండి.

ఇప్పుడు కష్టమైన ప్రశ్న. "మనవరాలిని చూసుకోవడానికి వచ్చారా?" ఈ మాట దగ్గర చాలామంది పెద్దవాళ్లు ఇరుక్కుంటారు. మనకు మనవరాలిని చూసుకోవడమంటే ప్రేమ. అధికారికి అది జీతం ఇవ్వాల్సిన ఆయా పని. మనవరాలితో గడపడానికి రావడం వేరు. డే కేర్ ఖర్చు మిగులుతుందని, కోడలు ఉద్యోగానికి వెళ్లాలని, రోజంతా పిల్లను మీ మీద వదలడానికే మిమ్మల్ని రప్పించుకోవడం వేరు. రెండోది విజిటర్ వీసా ఉద్దేశం కిందకు రాదని చెప్పి వెనక్కి పంపే ప్రమాదం ఉంది.

కొందరు పిల్లలు దీనికి విరుగుడుగా అబద్ధం నేర్పిస్తారు. "చూడటానికే వచ్చామని చెప్పు, పిల్ల ఊసెత్తకు" అంటారు. వద్దు. అధికారికి అబద్ధం చెప్పినట్టు తేలితే అమెరికాలో అడుగు పెట్టకుండా జీవితాంతం అడ్డుపడే సెక్షన్ ఉంది. ఫోన్ తీసి చూసే అధికారం కూడా వాళ్లకుంది, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అన్నీ ఉంటాయి. చేయాల్సింది ఏమిటంటే, చెప్పదగిన నిజాన్ని ముందే ఏర్పాటు చేసుకోవడం. పిల్లను డే కేర్‌లో వేయమని, లేదా అమ్మకో నాన్నకో సెలవు ఉన్న రోజుల్లోనే మిమ్మల్ని పిలవమని టికెట్ కొనకముందే మాట్లాడండి. అప్పుడు "పగలు డే కేర్‌కి వెళ్తుంది, సాయంత్రాలు మాతో ఆడుకుంటుంది" అన్నది నిజంగా నిజమవుతుంది. ఈ మాట ఇంట్లో అనడానికి మీకు మొహమాటం ఉంటుందని తెలుసు. అయినా అనండి. అరవై ఐదేళ్ల మనిషి రోజుకు పది గంటలు పసిపిల్లను ఎత్తుకుని మోయడం ఆరోగ్యానికీ మంచిది కాదు.

ఇంకో విషయం. అక్కడ ఏ పనికీ డబ్బు తీసుకోకూడదు. అపార్ట్‌మెంట్‌లో నలుగురికి క్యారేజీలు కట్టివ్వడం, పచ్చళ్లు పెట్టి అమ్మడం, సంగీతం క్లాసులు, వ్రతం చేయించి దక్షిణ తీసుకోవడం, అన్నీ పని కిందికే వస్తాయి. అంత నైపుణ్యం చేతిలో ఉండి ఊరికే కూర్చోవడం కష్టమే. ఇష్టంగా చేసి పెట్టండి, డబ్బు మాత్రం ముట్టకండి.

సామాను, మందులు

ఆవకాయ, పొడులు, అరిసెలు లాంటివి డిక్లేర్ చేసి తీసుకెళ్లవచ్చు. మాంసం పచ్చళ్లు, పచ్చి కరివేపాకు, తాజా పండ్లు, మొక్కలు వద్దు. ఇంటి నుంచి బియ్యం కూడా వద్దు. ఖప్రా అనే పురుగు భయంతో మన దేశం నుంచి ప్రయాణికుల సామానులో బియ్యాన్ని రానివ్వరు. ఏది ఉన్నా ఫుడ్ ఉందని చెప్పండి. చెబితే మహా అయితే తీసి పారేస్తారు, దాస్తే జరిమానా వేస్తారు, ఆ ఎంట్రీ మీ రికార్డులో ఉండిపోతుంది.

బీపీ, షుగర్, థైరాయిడ్ మందులు అసలు ప్యాకింగ్‌లోనే, డాక్టరు ఇంగ్లీషులో రాసిన చీటీతో పట్టుకెళ్లండి. చీటీలో బ్రాండు పేరుతో పాటు మందు అసలు పేరు ఉండాలి, అక్కడి డాక్టరుకు అదే అర్థమవుతుంది. సాధారణంగా మూడు నెలలకు సరిపడా తీసుకెళ్లడానికి అభ్యంతరం ఉండదు. అంతకు మించి ఉండబోతుంటే, డాక్టరు చీటీ, పాస్‌పోర్టు, వీసా కాపీలు జత చేసి మిగతా మందులు కొరియర్‌లో తెప్పించుకునే వీలుంది.

ఇన్సూరెన్స్ విషయంలో చౌక చూడకండి

విజిటర్ ఇన్సూరెన్స్‌లు ప్రధానంగా రెండు రకాలు. ఫిక్స్‌డ్ ప్లాన్‌లో ఒక్కో చికిత్సకు ఇంత అని ముందే కట్టి ఉంటుంది. అసలు బిల్లు దానికి ఎన్నో రెట్లు వచ్చినా అంతే ఇస్తారు. కాంప్రిహెన్సివ్ ప్లాన్‌లో డిడక్టిబుల్, అంటే ముందుగా మీ వాటాగా పెట్టాల్సిన మొత్తం, మీరు కట్టాక, ప్లాన్ పరిమితి వరకు బిల్లులో ఎక్కువ భాగం వాళ్లు భరిస్తారు. ప్రీమియం ఎక్కువైనా రెండోదే తీసుకోమని నా గట్టి సలహా.

ముందునుంచి ఉన్న జబ్బులు దాదాపు ఏ ప్లాన్‌లోనూ మామూలుగా కవర్ కావు. "అక్యూట్ ఆన్‌సెట్" అనే మాట కోసం చూడండి. ఉన్న జబ్బే అయినా హఠాత్తుగా ముదిరి వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే ఇచ్చే కవరేజీ అది. చాలా ప్లాన్లలో 70 ఏళ్లు, 80 ఏళ్లు దాటాక ఆ మొత్తం బాగా తగ్గిపోతుంది. ఆ అంకె ఎంతో కొనకముందే అడగండి. బయలుదేరే ముందు ఇక్కడే గుండె, షుగర్, కళ్లు, పళ్లు పరీక్ష చేయించుకుని వెళ్లండి. పన్ను నొప్పికి అక్కడ పెట్టే ఖర్చుతో ఇక్కడ నోరంతా బాగు చేయించుకోవచ్చు.

జ్వరం, చిన్న దెబ్బలకు అర్జంట్ కేర్ క్లినిక్ చాలు. గుండెనొప్పి, పక్షవాతం లక్షణాలు కనిపిస్తే మాత్రం ఖర్చు ఆలోచించకుండా అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేయించండి. ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రులు డబ్బు కట్టగలరా లేదా అని చూడకుండా ముందు పరీక్షించి, ప్రాణాపాయం తప్పించాలని 1986 నుంచి అక్కడ చట్టం ఉంది. ఆ తర్వాత వచ్చే బిల్లును చూసి హడలిపోయి వెంటనే కట్టేయకండి. పద్దుల వారీగా బిల్లు అడగండి, ఆసుపత్రికి ఆర్థిక సాయం పాలసీ ఉందేమో అడగండి, తగ్గించమనండి. అక్కడ ఇది మామూలే. బిల్లు ఎగ్గొట్టి వచ్చేయడం మాత్రం చేయవద్దు. తర్వాత వీసా రెన్యువల్‌లో దాని గురించి అడగవచ్చు.

అక్కడున్నప్పుడు

తిరుగు టికెట్‌ను ఐ-94 తేదీకి కనీసం పది పదిహేను రోజుల ముందుకు పెట్టుకోండి. మంచు తుఫాను, విమానం రద్దు, జ్వరం, ఏది వచ్చినా ఆ వెసులుబాటు కాపాడుతుంది.

డాలస్‌లో అబ్బాయి దగ్గర రెండు నెలలుండి న్యూజెర్సీలో అమ్మాయి దగ్గరికి మారితే, పది రోజుల్లోగా ఏఆర్-11 ఫారంలో కొత్త చిరునామా తెలపాలి. ఆన్‌లైన్‌లో ఉచితంగా అయిపోతుంది. చాలామంది ఇది చేయరు. మీరు చేయండి.

గడువు పొడిగించమని అడగడానికి ఫారం ఐ-539 ఉంది. ఐ-94 తేదీ దాటకముందే అమెరికా ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు అందాలి. కనీసం 45 రోజుల ముందే వేయమని వాళ్లే సూచిస్తారు. 2024 ఏప్రిల్ నుంచి ఫీజు ఆన్‌లైన్‌లో 420 డాలర్లు, కాగితం మీద పంపితే 470. వేళకు వేసిన దరఖాస్తు తేలేదాకా అక్కడ ఉండవచ్చు. తిరస్కరిస్తే వెంటనే బయలుదేరాలి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆపరేషన్, కాన్పులో సమస్య, విమానం ఎక్కొద్దని డాక్టరు రాసివ్వడం, ఇలాంటి కారణముంటేనే ఎక్స్‌టెన్షన్ వేయండి, డాక్టరు ఉత్తరం జత చేయండి. "ఇంకో మూడు నెలలుంటే పిల్లాడి పుట్టినరోజు అయిపోతుంది" అనేది కారణం కాదు. మంజూరైనా సరే, ఒకే విడతలో తొమ్మిది నెలలు, పది నెలలున్న చరిత్ర తర్వాతి కౌంటర్‌లో మిమ్మల్ని ప్రశ్నిస్తుంది. వేస్తే ఆ రసీదు నోటీసును పాస్‌పోర్టుతో పాటు ఎప్పటికీ దాచుకోండి.

కెనడా వెళ్లి నయాగరా అటువైపు నుంచి చూసి వస్తే కొత్తగా ఆరు నెలలు వస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. 30 రోజుల లోపు వెళ్లొస్తే సాధారణంగా పాత ఐ-94 తేదీయే కొనసాగుతుంది. పైగా కెనడాకు మనకు విడిగా వీసా కావాలి.

గడువు ఒక్క రోజు దాటినా ఆ వీసా దానంతటదే రద్దవుతుంది. మళ్లీ మొదటి నుంచి, ఇండియాలోనే, దరఖాస్తు చేయాలి. 180 రోజులకు మించి అక్రమంగా ఉండి వెళ్లినవాళ్లకు మూడేళ్లు, ఏడాది ఆపైన ఉన్నవాళ్లకు పదేళ్లు ప్రవేశం ఉండదు.

ఇక్కడి ఇల్లు

కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు లైఫ్ సర్టిఫికెట్ నవంబరులో ఇవ్వాలి. 80 దాటినవాళ్లకు అక్టోబరు 1 నుంచే అవకాశం ఉంటుంది. జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ పద్ధతిలో ఫోన్ కెమెరాతో ముఖం చూపించి ఇచ్చే పద్ధతి వచ్చాక చాలా సులువైంది. ఇక్కడుండగానే ఒకసారి ఆ యాప్ పెట్టించి చూసుకోండి. రాష్ట్ర పెన్షనర్లయితే మీ ట్రెజరీ ఏ నెలలో అడుగుతుందో కనుక్కుని ప్రయాణం దాని చుట్టూ పెట్టుకోండి.

బ్యాంకు ఓటీపీలు వచ్చే సిమ్‌ను తీసేయకండి. రోమింగ్ ఆన్ చేయించి, గడువు తీరకుండా రీచార్జి చేయిస్తూ ఉండండి. ఇక్కడి ఆదాయపు పన్ను విషయంలో, ఏటా కొన్ని నెలలు పిల్లల దగ్గర ఉన్నంత మాత్రాన మీరు ఎన్ఆర్ఐ అయిపోరు. ఆ ఆర్థిక సంవత్సరంలో 60 రోజులు, ముందు నాలుగేళ్లలో 365 రోజులు ఇండియాలో ఉంటే మామూలుగా రెసిడెంటే. మీ రిటర్న్, వడ్డీ మీద పన్ను కోయవద్దని బ్యాంకుకు ఇచ్చే డిక్లరేషన్ ఎప్పటిలాగే ఇవ్వండి.

పదేళ్లు నిండాక

రెన్యువల్‌కు మళ్లీ డీఎస్-160 అనే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు నింపాలి. అందులో మీ చివరి ఐదు అమెరికా ప్రయాణాలు, దిగిన తేదీ, ఉన్న రోజులు అడుగుతారు. పైన చెప్పిన కాగితం దాచి ఉంటే అయిదు నిమిషాల పని. ఇంటర్వ్యూ లేకుండా డ్రాప్‌బాక్స్ అవకాశం 2025లో బాగా తగ్గించేశారు. అంతకు ముందు గడువు తీరిన 48 నెలల దాకా ఉండేది, ఇప్పుడు 12 నెలల లోపు వాళ్లకే. 2025 సెప్టెంబరు 2 నుంచి 79 దాటిన పెద్దవాళ్లకు వయసు వల్ల ఉన్న మినహాయింపు కూడా తీసేశారు. అందుకని గడువు ముగిసే నెలను క్యాలెండర్‌లో రాసిపెట్టి, దాన్ని దాటనివ్వకండి. ఫీజు 185 డాలర్లు. 2025 జూలైలో వచ్చిన చట్టం మరో 250 డాలర్లు వసూలు చేయడానికి దారి తెరిచింది, కట్టే రోజు అధికారిక పేజీలో మొత్తం ఎంతో చూసుకోండి.

అక్కడే ఉండిపోవాలనిపిస్తే

ఒకరు పోయి ఒకరు మిగిలినప్పుడు, ఇక్కడ చూసేవాళ్లు లేనప్పుడు, విజిటర్ వీసా మీద నెట్టుకురావడం సరిపోదు. అప్పుడు దానికి వేరే దారి వెతుక్కోవాలి. 21 ఏళ్లు దాటిన అమెరికా పౌరులైన పిల్లలు ఐ-130 అనే పిటిషన్ వేసి తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు అడగవచ్చు, దానికి ఏటా ఇన్ని అనే కోటా లేదు. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లు గానీ, గ్రీన్ కార్డు మాత్రమే ఉన్నవాళ్లు గానీ తల్లిదండ్రులకు వేయలేరు.

గ్రీన్ కార్డు తీసుకుంటే అక్కడ నివసించాలి. ఆరు నెలలకు పైగా బయట ఉంటే ప్రశ్నలు వస్తాయి. ఏడాది దాటేలా ఉంటే ముందే రీఎంట్రీ పర్మిట్ (తిరిగి రావడానికి అనుమతి పత్రం) తీసుకోవాలి. ఇక్కడి పెన్షన్, అద్దెలు అన్నీ అక్కడి పన్ను రిటర్న్‌లో చూపించాలి. 65 దాటినా, అక్కడ ఉద్యోగం చేయనివాళ్లు మెడికేర్‌ను (పెద్దవాళ్లకు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) డబ్బు కట్టి కొనుక్కోవడానికి కూడా సాధారణంగా అయిదేళ్లు వరసగా అక్కడ ఉండాలి, ఈలోగా ఇన్సూరెన్స్ ఖర్చు పిల్లల మీదే పడుతుంది. ఊరు, గుడి, స్నేహితులు ఇక్కడే కావాలనుకునేవాళ్లకు గ్రీన్ కార్డు భారమే. అటూ ఇటూ తిరగగలిగే ఓపిక ఉన్నన్నాళ్లు విజిటర్ వీసాయే నయం.

ఐ-130 ఒకసారి పడితే, విజిటర్‌గా వెళ్లే ప్రతి ప్రయాణంలోనూ అది కనిపిస్తుంది. డీఎస్-160లో కూడా మీ పేరు మీద ఎవరైనా ఇమిగ్రెంట్ పిటిషన్ వేశారా అని అడుగుతారు, ఉందనే చెప్పాలి. కాబట్టి పిల్లలు అది వేయబోతూ, అదే సమయంలో మీరు ప్రయాణం అనుకుంటుంటే, ఏది ముందు ఏది వెనక అన్నది ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడాకే టికెట్ కొనండి.